ముందు ఓడ తేదీ, తర్వాతే మిగతావన్నీ

యూరప్ అనగానే అందరూ మొదట విమానం రేట్లు చూస్తారు. మేం మొదట చూసింది ఇటలీలోని అంకోనా నుంచి క్రొయేషియాలోని స్ప్లిట్‌కి ఓడ ఏయే రోజుల్లో ఉందో. సాయంత్రం ఎక్కితే ఏడ్రియాటిక్ సముద్రం దాటించి పొద్దున్నే దింపుతుంది. వేసవి రద్దీ తగ్గాక సెప్టెంబర్‌లో అది రోజూ ఉండదు. రైలు తప్పితే గంటలోనో రెండు గంటల్లోనో ఇంకోటి వస్తుంది. కారు మన చేతిలో ఉంటుంది. విమానం ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుంది. ఓడ తప్పితే మాత్రం అంకోనాలో కూర్చుని ఎదురుచూడాల్సిందే. అందుకని క్యాలెండర్‌లో ముందు ఆ ఒక్క రాత్రికి సున్నా చుట్టి, అక్కడి నుంచి వెనక్కీ ముందుకీ రోజులు లెక్కపెట్టుకుంటూ పోయాం.

ఇది 2025 సెప్టెంబర్ సంగతి. మేమంటే నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, అమ్మ, నాన్న. మేం హైదరాబాద్‌లో ఉంటాం, అమ్మానాన్నలు విశాఖలో. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. సర్వీసులో చాలా భాగం అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైన్లోనే గడిచింది. ఆయనకి ఆల్ప్స్ కొండల్లో రైలెక్కాలని కోరిక. మా ఆయనకి సముద్రం పక్కన కారు నడపాలని, నాకు ఒక రాత్రి ఓడలో గడపాలని. అమ్మకి మోకాళ్ల నొప్పులు. "ఎక్కడికైనా తీసుకెళ్లండి గానీ సామానుతో మెట్లెక్కించకండి" అని ఒకే మాట చెప్పింది. చివరికి మొత్తం ప్లాన్‌ని ఎక్కువ మార్చింది ఆ మాటే.

దారి ఇలా కుదిరింది. హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్‌కి విమానం. అక్కడి నుంచి రైల్లో బాసెల్ మీదుగా స్విట్జర్లాండ్‌లోని ఖూర్. ఖూర్ నుంచి బెర్నీనా కనుమ దాటి ఇటలీలో తిరానో, మిలాన్, బొలోన్యా, అంకోనా. ఓడలో స్ప్లిట్. అక్కడ కారు తీసుకుని దుబ్రోవ్‌నిక్. మళ్లీ విమానంలో ఏథెన్స్, అక్కడి నుంచి దోహా మీదుగా ఇంటికి. వెళ్లిన చోటికే తిరిగి రానక్కర్లేకుండా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి ఏథెన్స్‌లో ఎక్కేలా మల్టీ-సిటీ టికెట్ తీసుకున్నాం. రానూపోనూ టికెట్ కన్నా కొంచెం ఎక్కువైంది. అయినా ఏథెన్స్ నుంచి మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఐదుగురి ఖర్చు, ఒక రోజు వృథా లెక్కేసుకుంటే ఇదే చవక.

నాన్న ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపం కూడా అడిగారు. ఇటలీ కొసన విల్లా సాన్ జొవాన్ని దగ్గర రైలుని పెట్టెలు విడదీసి ఓడలోకి ఎక్కించి, మెస్సినా జలసంధి దాటించి, అవతల మళ్లీ జోడిస్తారని ఆయన ఎక్కడో చదివారు. నిజమే, ఇప్పటికీ ఎక్కిస్తారు. జర్మనీ–డెన్మార్క్ మధ్య పుట్‌గార్డెన్ దగ్గర కూడా రైళ్లు ఓడెక్కేవి గానీ 2019 డిసెంబర్‌లో ఆపేశారు. రైల్వే మనిషికి ఇలాంటివి వదులుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ సిసిలీకి వెళ్తే ఓడ తేదీ చేజారుతుంది, లేదా స్విట్జర్లాండ్ రోజులు తగ్గించాలి. బెర్నీనా కావాలా, మెస్సినా కావాలా అని ఆయన్నే అడిగాను. ఒక పూట ఆలోచించి బెర్నీనా అన్నారు.

తర్వాత ఒక షీట్ తయారు చేశాను. అందరూ రోజులవారీగా రాసుకుంటారు: మొదటి రోజు ఇది, రెండో రోజు అది. నేను రోజులు పక్కనపెట్టి అతుకులు రాశాను. అతుకంటే ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కే చోటు. ఎక్కడ దిగుతాం, ఎక్కడ ఎక్కుతాం, మధ్య ఎంత నడక, లిఫ్టు ఉందా, తప్పిపోతే తర్వాతి బండి ఎప్పుడు, తప్పితే డబ్బు ఎవరిది పోతుంది. చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా మనల్ని గమ్యం చేర్చే బాధ్యత వాళ్లది. విడివిడిగా కొంటే ఆ నష్టం మనదే. చవక టికెట్ల కోసం ముక్కలుముక్కలుగా కొనేవాళ్లు చాలామంది ఈ గడి చూడరు. షీట్ చూసి నాన్న "ఇదీ ఆపరేటింగ్ వాళ్లు చేసే పని" అన్నారు. ఆయన నోట అది పెద్ద మెచ్చుకోలు.

ఈలోగా వీసా. ఐదు దేశాలకీ ఒకే షెంగెన్ వీసా. షెంగెన్ అంటే ఒక్క వీసాతో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తిరగగలిగే యూరప్ దేశాల గుంపు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది. ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్న దగ్గర చాలామంది తికమకపడతారు. మొదట దిగే దేశానికే చేయాలనుకుంటారు. అసలు రూలు ప్రకారం ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటామో ఆ దేశానికి చేయాలి. ఎక్కడా తేడా లేకుండా సమానంగా ఉంటేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. మా మొదటి ప్లాన్‌లో స్విట్జర్లాండ్‌లో ఉండే రాత్రులూ, క్రొయేషియాలో ఉండే రాత్రులూ సమానంగా వచ్చాయి. అలా ఉంటే దిగి రైలెక్కి వెళ్లిపోయే జర్మనీకి దరఖాస్తు చేయాల్సి వస్తుందేమో, అక్కడ హోటల్ కూడా లేదేమని అడుగుతారేమో అని టెన్షన్. ఖూర్‌లో ఒక రాత్రి పెంచి ఆ తికమక తీసేశాం. అప్పుడిక స్విస్ వీసానే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి అక్కడే స్టాంపు వేయించుకోవడానికి దాంతో ఇబ్బందేమీ లేదు.

ఫీజు 2024 జూన్ 11 నుంచి పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి 45. సర్వీస్ ఛార్జీ అదనం. యూరో అప్పటికే వంద రూపాయలు దాటింది. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30 వేల యూరోలకి ఉండాలి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు, ఎంత ఆలస్యమైనా పదిహేను రోజుల ముందే ఇచ్చేయాలి. అయితే అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు పని కాబట్టి వీలైనంత ముందే పెట్టుకోవడం నయం. మా ఇద్దరికీ ఆఫీసుల నుంచి సెలవు లెటర్లు, జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు. నాన్నకి పెన్షన్ ఆర్డరు కాపీ, పెన్షన్ పడే ఖాతా స్టేట్‌మెంట్. బాబుకి పన్నెండేళ్లు నిండలేదు కాబట్టి వేలిముద్రలు అక్కర్లేదు, స్కూలు లెటరు చాలింది.

ఇక్కడ మన తెలుగువాళ్లకే వచ్చే చిక్కు ఒకటుంది. అమ్మ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది, ఇంటిపేరుతో సహా. వీసా ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపాం, పేచీ రాలేదు. కానీ రైలు, ఓడ, విమానం సైట్లేవీ సర్‌నేమ్ లేకుండా ముందుకి కదలవు. ఒక్కో సైటులో ఒక్కోలా నింపితే ఒక్కో టికెట్ మీద ఒక్కో మనిషి తయారవుతుంది. అందుకని విమాన సంస్థకి ముందే ఫోన్ చేసి ఎలా రాయాలో అడిగి, మిగతా అన్నిచోట్లా అచ్చు అలాగే రాశాం. పెద్దవాళ్ల పాస్‌పోర్టులు రెన్యువల్‌కి వస్తే ఆ గడి అప్పుడే నింపించేయండి.

వీసా రాకముందు ఎంత డబ్బు పెట్టొచ్చు అన్నది ఇంకో లెక్క. హోటళ్లన్నీ ఉచితంగా రద్దు చేసుకునేవే బుక్ చేశాం. ఓడ టికెట్ రద్దు చేస్తే కొంత కోసుకుని మిగతాది ఇస్తారు కాబట్టి అది ముందే కొన్నాం, ఎందుకంటే క్యాబిన్లు అయిపోతే అమ్మని రాత్రంతా కుర్చీలో కూర్చోబెట్టాలి. రైళ్లలో చవక టికెట్లు మాత్రం వీసా స్టిక్కర్ చూశాకే తీసుకున్నాం. వాటి రేటు రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఆ తేడాని వీసా రిస్కుకి కట్టిన ప్రీమియం అనుకున్నాం.

స్టిక్కర్ వచ్చింది, ఎంట్రీల దగ్గర 01 అని ఉంది. అంటే షెంగెన్‌లోకి ఒక్కసారే వెళ్లొచ్చు. బయటికి అడుగుపెడితే మళ్లీ లోపలికి రాలేం. మా దారంతా షెంగెనే కదా, ఏముందిలే అన్నారు మా ఆయన. ఆ ఏముందో కారు సంగతి దగ్గర చెప్తాను.

చాలా యూరప్ దేశాల రైళ్లలో చెల్లే యూరైల్ పాస్ తీసుకోమని, మేం అడిగినవాళ్లందరూ చెప్పారు. చాలా ఊళ్లు, ఎప్పుడు ఎక్కడికి పోతామో తెలియని ప్రయాణం అయితే అది బాగుంటుంది. మాది తేదీలు బిగించిన ప్రయాణం, పొడవైన రైళ్లు కొన్నే. పైగా ఇటలీలో వేగంగా పోయే రైళ్లకి పాస్ ఉన్నా విడిగా సీటు రిజర్వేషన్ కొనాలి. లెక్కేస్తే మాకు విడి టికెట్లే చవక. స్విట్జర్లాండ్‌లో మాత్రం స్విస్ ట్రావెల్ పాస్ తీసుకున్నాం. రైలు, బస్సు, సరస్సుల్లో పడవ అన్నీ అందులోనే. తల్లో తండ్రో పాస్‌తో ఉంటే ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలకి ఫ్యామిలీ కార్డు మీద ఉచితం. అదీగాక ఆ పాస్ సరిహద్దు దాటి ఇటలీలోని తిరానో దాకా చెల్లుతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో రెండు రైల్వే స్టేషన్లున్నాయి. లోకల్ రైళ్లకి ఒకటి, దూరప్రాంతాల రైళ్లకి ఇంకోటి. టికెట్ మీద ఏది ఉందో చూసుకోవాలి. సైటులో ఊరు ఎంచుకునేటప్పుడు కూడా జాగ్రత్త. పోలండ్ సరిహద్దులో ఓడర్ నది ఒడ్డున ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది. విమానం, రైలు వేరువేరు టికెట్లు కాబట్టి ఇది మా షీట్‌లో ఎర్రరంగు అతుకు. చవక టికెట్ ఆ ఒక్క రైలుకే కట్టుబడి ఉంటుంది. విమానం దిగే సమయానికీ రైలుకీ మధ్య నాలుగు గంటలు వదిలాం. జర్మనీలో దూరప్రాంత రైళ్లలో 2024లో సమయానికి చేరినవి 62.5 శాతమేనని చదివాను, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టకుండా. నాన్నకి ఆ అంకె చూపిస్తే నమ్మలేదు, జర్మనీ అంటే గడియారం అనుకున్నారు. బాసెల్ దాటాక మాకు పాస్ ఉంది, ఏ రైలైనా ఎక్కొచ్చు. కాబట్టి ఆలస్యమైనా నష్టం లేదు. ఆ రోజు రైలు టైముకే వచ్చింది, టైముకే చేరింది. అంకె తప్పని నాన్న తేల్చేశారు.

స్విట్జర్లాండ్‌లో అతుకుల లెక్క పూర్తిగా వేరు. 1982 నుంచి అక్కడి టైంటేబుల్ దేశమంతా గంటగంటకీ ఒకేలా తిరుగుతుంది. పెద్ద జంక్షన్‌లో అన్ని దిక్కుల రైళ్లూ దాదాపు ఒకేసారి వచ్చి, మనుషులు మారాక దాదాపు ఒకేసారి కదులుతాయి. ఆరేడు నిమిషాల కనెక్షన్ అక్కడ మామూలు విషయం. "అమ్మతో ఆరు నిమిషాల్లో ప్లాట్‌ఫాం మారడమా!" అని నేను ప్రతిచోటా ఒక రైలు వదిలేసి తర్వాతిది రాసుకున్నాను. అక్కడికి వెళ్లాక చూస్తే చాలాచోట్ల పక్క ప్లాట్‌ఫామే, ర్యాంపులున్నాయి. మిగిలిన అరగంటలన్నీ బెంచీల మీద కూర్చుని నాన్న రైళ్ల రాకపోకలు రాసుకోవడానికి పనికొచ్చాయి.

ఖూర్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. స్విస్ హోటళ్లలో ఐదుగురికి రోజూ బయట తిండి అంటే మా వల్ల కాదు. బియ్యం, పప్పు, పచ్చళ్లు పట్టుకెళ్లాం. నెయ్యి సీసా, పాలకోవా మాత్రం అమ్మ సంచిలోంచి తీయించాను. బయటి దేశాల నుంచి పాల పదార్థాలూ మాంసం తీసుకురావడం యూరప్‌లో నిషేధం. అమ్మకి కోపం వచ్చింది. ఖూర్ సూపర్ మార్కెట్‌లో వెన్న కొని కాచుకున్నాక తగ్గింది.

బెర్నీనా గురించి అందరికీ తెలిసింది పెద్ద అద్దాల కిటికీల బెర్నీనా ఎక్స్‌ప్రెస్. దానికి పాస్ ఉన్నా రిజర్వేషన్ తప్పనిసరి, అదనపు డబ్బు కట్టాలి. అదే పట్టాల మీద మామూలు రైళ్లు కూడా తిరుగుతాయి. వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు, మధ్యలో దిగొచ్చు, పైగా కొన్ని పెట్టెల్లో కిటికీలు కిందికి దించుకోవచ్చు. అద్దాల పెట్టెలో కిటికీ తెరుచుకోదు. "రిజర్వేషన్ లేకుండా అంత దూరమేమిటమ్మా" అని నాన్న మొదట ఒప్పుకోలేదు గానీ, కిటికీ తెరుచుకుంటుందనేసరికి మాట మార్చేశారు.

ఆ రోజు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఖూర్ నుంచి కొండల్లోకి ఎక్కుతుంటే ముందు లాండ్‌వాసర్ వంతెన వస్తుంది. 65 మీటర్ల ఎత్తు రాతి వంపు, దాని రెండో కొస సరాసరి కొండ గోడలోని సొరంగంలోకి పోతుంది. సెంట్ మోరిట్జ్‌లో రైలు మారాక అసలు ఎక్కుడు. ఒస్పిజియో బెర్నీనా స్టేషన్ 2,253 మీటర్ల ఎత్తులో ఉంది. పళ్లచక్రం లేకుండా, మామూలు చక్రాలతోనే వెయ్యి మీటర్లకి 70 మీటర్లు ఎక్కుతుంది. నాన్న నోటితోనే లెక్కేశారు: అరకు లైన్లో అరవై అడుగులకి ఒక అడుగు ఎక్కుతుంది, ఇక్కడ పద్నాలుగు అడుగులకే ఒకటి. గూడ్సు బండి వెనక బ్రేక్ వ్యాన్‌లో రాత్రుళ్లు కూర్చుని అరకు ఘాట్ దిగిన మనిషి ఆయన. దిగుడులో బ్రేకుల చప్పుడు వింటూ, ఎక్కడ పట్టాడో ఎక్కడ వదిలాడో మా అబ్బాయికి చెప్తూనే ఉన్నారు. బ్రూసియో దగ్గర లైను చోటు చాలక రాతి వంతెన మీద గుండ్రంగా ఒక చుట్టు తిరిగి తన కిందనుంచే తాను దూరి పోతుంది. అప్పుడు మాత్రం ఏమీ మాట్లాడలేదు. మొత్తం ఆ లైను 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. తిరానో చేరేసరికి 429 మీటర్లకి దిగిపోయాం, స్వెట్టర్లు విప్పాం.

తిరానో నుంచి మిలాన్‌కి ప్యాసింజర్ రైలు, కోమో సరస్సు ఒడ్డునే పోతుంది. టికెట్ రేటు ఎప్పుడు కొన్నా ఒకటే, సీటు నంబర్లు లేవు. మిలాన్‌లో ఎక్కాల్సిన వేగం రైలు మాత్రం వేరే టికెట్. అందుకే అక్కడ రెండు గంటల ఖాళీ పెట్టి, కాస్త ఎక్కువైనా మార్చుకోవడానికి వీలున్న టికెట్ కొన్నాం. రెండు జాగ్రత్తలూ ఎందుకని మా ఆయన అన్నారు. ఒకటి బండి ఆలస్యానికి, ఒకటి అమ్మ కాఫీకి అన్నాను. మిలాన్ నుంచి బొలోన్యా గంట పైచిలుకు. అక్కడ ఆగి, ఊరు చూసి, ఓడ రోజు పొద్దున్నే అంకోనా రైలెక్కాం.

రాత్రి ఓడకి పొద్దున్నే ఎందుకంటే ఈ అతుకు మా షీట్‌లో అన్నిటికన్నా ఎర్రది. తప్పితే తర్వాత బుక్ చేసినవన్నీ వరసగా కూలుతాయి. ప్రయాణానికి కొన్ని వారాల ముందు ఓడ కంపెనీ నుంచి బయల్దేరే సమయం మారిందని మెయిల్ వచ్చింది కూడా. అలాంటి మెయిళ్లు స్పామ్‌లో పడుతుంటాయి, అప్పుడప్పుడూ తెరిచి చూసుకోవాలి. పగలంతా ఉండటంతో మాకు ఆ మార్పు అడ్డు కాలేదు. సామాను ఒకచోట పెట్టేసి రేవులో రెండో శతాబ్దపు ట్రాజన్ తోరణం దగ్గర తిరిగాం. అంకోనాలో టికెట్ చూపించి బోర్డింగ్ కార్డు తీసుకునే చోటు వేరు, ఓడ ఆగే చోటు వేరు, ఇది ముందే మ్యాప్‌లో చూసుకోవాలి. ఇటలీ, క్రొయేషియా రెండూ షెంగెన్ కాబట్టి వీసా స్టాంపులేమీ లేవు. ఎక్కేటప్పుడు పాస్‌పోర్టు చూశారు, అంతే.

డెక్ టికెట్, కుర్చీ టికెట్, క్యాబిన్ అని మూడు రకాలు. ఇద్దరు పట్టే క్యాబిన్ అమ్మానాన్నలకి, నలుగురు పట్టేది మాకు. రేటు చూసి గుండె ఝల్లుమంటుంది గానీ, అందులో ఒక రాత్రి హోటల్ ఖర్చు తీసేసి చూడాలి. కార్లూ లారీలూ వరసగా ఓడ పొట్టలోకి వెళ్లడం చూసి అమ్మ "మా కోటిపల్లి రేవులో పంటు లాగే ఉంది, ఇంకాస్త పెద్దది" అంది. అమ్మ పుట్టిల్లు కోనసీమ. గోదావరి మీద కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి బళ్లని దాటించే పంటు మీద చిన్నప్పటి నుంచీ తిరిగింది. ఐదుగురిలో ఓడ వింతగా అనిపించనిది ఆమెకొక్కతికే.

ఇప్పుడు కారు. స్ప్లిట్ రేవు, పాత ఊరు, బస్టాండు, రైల్వే స్టేషన్ అన్నీ ఒకేచోట ఉంటాయి. కారు అద్దెకిచ్చే ఆఫీసులు కూడా దగ్గర్లోనే. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ హైదరాబాద్‌లోనే ఆర్టీఏ నుంచి మా ఆయన తీసుకున్నారు. ఏడాది చెల్లుతుంది, దాంతోపాటు మన అసలు లైసెన్సూ ఉండాలి. అక్కడ కుడిపక్కన నడపాలి కాబట్టి గేరు గొడవ కూడా ఎందుకని ఆటోమేటిక్ అడిగాం. ఐదుగురికీ సామానుకీ సరిపోయే ఆటోమేటిక్ బళ్లు తక్కువ, వీటిని మాత్రం ముందే పట్టుకోవాలి. బాబుకి బూస్టర్ సీటు. డిపాజిట్ కోసం నడిపేవాళ్ల పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతారు, భార్య కార్డు చెల్లదు. కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ చేసి, లిమిట్ చూసుకోవాలి.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక మెలిక. మేం కారు బుక్ చేసిన సైటు "ఫుల్ ఇన్సూరెన్స్" అని చవగ్గా అమ్మింది. అది ఆ సైటువాళ్ల సొంత పాలసీ. అంటే బండికి గీత పడితే కారు కంపెనీ ముందు మన కార్డులో కోసుకుంటుంది, తర్వాత మనం కాగితాలు పంపి సైటు దగ్గర రాబట్టుకోవాలి. కౌంటర్‌లో మాత్రం డిపాజిట్ మొత్తం బ్లాక్ చేశారు. అక్కడ గట్టిగా అడిగినా లాభం లేదు, షరతుల్లో చిన్న అక్షరాల్లో రాసే ఉంది. బయల్దేరే ముందు బండి చుట్టూ వీడియో తీసుకున్నాం. తిరిగిచ్చేటప్పుడు అది చూపించాల్సిన అవసరం రాలేదు, డబ్బు కొన్ని రోజులకి విడుదలైంది.

ఇక ఆ 01 సంగతి. స్ప్లిట్, దుబ్రోవ్‌నిక్ రెండూ క్రొయేషియాలోనే ఉన్నాయి. కానీ మధ్యలో నెయుమ్ అనే ఊరి దగ్గర బోస్నియా దేశం ఒక చిన్న ముక్కగా సముద్రం దాకా వస్తుంది. పాత కోస్తా రోడ్డు ఆ ముక్కలోంచి తొమ్మిది కిలోమీటర్ల మేర పోతుంది. బోస్నియా షెంగెన్‌లో లేదు. సింగిల్ ఎంట్రీ వీసాతో ఆ తొమ్మిది కిలోమీటర్లలోకి వెళ్తే షెంగెన్ నుంచి బయటికి వచ్చేసినట్టే, అవతల మళ్లీ క్రొయేషియాలోకి రానివ్వరు. ఈ ముక్క ఎలా వచ్చిందో చదివితే ఆశ్చర్యంగా ఉంటుంది. అప్పట్లో దుబ్రోవ్‌నిక్, రగూసా అనే స్వతంత్ర రిపబ్లిక్. వెనిస్ అంటే భయం. వెనిస్‌కీ తమకీ సరిహద్దు తగలకుండా మధ్యలో ఒక గోడలా ఉంటుందని ఆ తీరం ముక్కని తుర్కులకి వదిలేసింది. 1699 కార్లోవిట్జ్ సంధిలో అది స్థిరపడింది. తుర్కులు పోయారు, వెనిస్ రిపబ్లిక్ పోయింది, గీత మాత్రం ఉండిపోయింది.

అదృష్టవశాత్తూ 2022 జూలైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచారు. 2,404 మీటర్ల పొడవు, నెయుమ్‌ని తాకకుండా సముద్రం మీదుగా ద్వీపకల్పానికి దాటిస్తుంది. టోలు కూడా లేదు. 2023 జనవరి 1న క్రొయేషియా షెంగెన్‌లో చేరింది, అదే రోజు యూరోకి మారింది. వంతెన లేకపోతే మేం ఈ దారిలో కారు అనే మాటే తీసేసేవాళ్లం. మ్యాప్‌లో రెండు దారులూ ఉంటాయి కాబట్టి ముందే వంతెన మీద ఒక పిన్, స్టోన్ అనే ఊరి మీద ఇంకో పిన్ పెట్టి దారిని బిగించాం. మోస్తార్ పాత వంతెన చూడాలని మా ఆయనకి ఉండేది, అదీ బోస్నియానే. వదిలేశాం. కారుని ఇంకో దేశంలోకి తీసుకెళ్లాలంటే కంపెనీ అనుమతి వేరే, ఛార్జీ వేరే అని తెలిశాక ఆయన కూడా మళ్లీ ఎత్తలేదు. ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో వదిలేస్తే అంతకన్నా ఎక్కువ బాదుతారు. అందుకే కారుని దుబ్రోవ్‌నిక్ విమానాశ్రయంలో, అదే దేశంలో తిరిగిచ్చేలా పెట్టుకున్నాం. పాత ఊళ్లోకి ఎలాగూ బళ్లు పోవు.

దుబ్రోవ్‌నిక్ నుంచి ఏథెన్స్ విమానం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బరువు ఒక్కటే. హైదరాబాద్ నుంచి వచ్చే పెద్ద విమానంలో అనుమతించే సామానుకీ, ఇక్కడి చిన్న టికెట్‌లో ఇచ్చేదానికీ సంబంధం ఉండదు. మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా తక్కువ అనుమతించే ఆ టికెట్‌ని చూసే ఇంట్లో పెట్టెలు సర్దాం. ఇక్కడి నుంచి ఇంటికెళ్లే విమానం మళ్లీ వేరే టికెట్ కాబట్టి రెండూ ఒకే రోజు పెట్టకుండా ఏథెన్స్‌లో ఉన్నాం. అక్రోపోలిస్‌కి టైము స్లాట్ ఉన్న టికెట్లు ముందే కొన్నాం. అమ్మ కొండ ఎక్కనంది, కింద మ్యూజియంలో కూర్చుని మేం వచ్చేదాకా విగ్రహాలు చూసింది.

ఏథెన్స్ విమానాశ్రయంలో పాస్‌పోర్టు మీద వేసిన ఎగ్జిట్ స్టాంపు ఇక ముందు కనిపించకపోవచ్చు. మేం వచ్చాక, 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ దేశాల సరిహద్దుల్లో స్టాంపుకి బదులు ముఖం ఫొటోతో కంప్యూటర్‌లో నమోదు చేయడం మొదలుపెట్టారు. దశలవారీగా 2026 ఏప్రిల్ 10 నాటికి అన్నిచోట్లా తేవాలని పెట్టుకున్నారు. 180 రోజుల్లో 90 రోజులకి మించి షెంగెన్‌లో ఉండకూడదన్న లెక్క ఇక మిషనే కట్టేస్తుంది. మొదటిసారి నమోదుకి లైన్లో సమయం పట్టొచ్చు. మా దారిలోనే వెళ్లాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మేం వదిలిన నాలుగు గంటలకి ఇంకో గంట కలుపుకోండి, లేదా బాసెల్ దాకా ఏ రైలుకైనా చెల్లే టికెట్ కొనుక్కోండి.